కాచిగూడ స్టేషన్: మీటర్ గేజ్ రోజుల నుంచి ఎంఎంటీఎస్ దాకా

#1 మీటర్‌గేజ్_మిత్ర

కాచిగూడ మీద ప్రశ్నలు రకరకాల చర్చల్లో ముక్కలుగా వస్తున్నాయి. అన్నీ ఒకచోట ఉంటే వెతుక్కునేవారికి సులువని ఇది మొదలుపెడుతున్నాను. ఎక్కువమంది అడిగేవి మూడు. ఒకే ఊళ్లో నాంపల్లి, సికింద్రాబాద్, కాచిగూడ అని మూడు పెద్ద స్టేషన్లు ఎందుకు? కాచిగూడలో ఎక్కి నాంపల్లి పోవాలంటే సికింద్రాబాద్ చుట్టూ ఎందుకు తిరగాలి? ఎంఎంటీఎస్‌లో, అంటే నగరపు లోకల్ రైళ్లలో, ఏ బండి ఎటు పోతుంది? నా దృష్టిలో ఈ మూడింటికీ మూలం ఒక్కటే: పట్టాల మధ్య వెడల్పు, అంటే గేజ్.

1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు వచ్చిన మొదటి లైను బ్రాడ్ గేజ్, అంటే 1,676 మిల్లీమీటర్లు. బొంబాయి-మద్రాసు ప్రధాన మార్గానికి నిజాం రాజ్యాన్ని కలపడం దాని పని. ఆ తర్వాత అదే గేజ్‌లో కాజీపేట మీదుగా 1889 నాటికి బెజవాడ చేరారు. నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చింది, అదీ బ్రాడ్ గేజే. ఇదంతా హుస్సేన్‌సాగర్‌కు పడమటి, ఉత్తరపు దిక్కుల వ్యవహారం.

రెండో కథ మీటర్ గేజ్‌ది, 1,000 మిల్లీమీటర్లు. హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా 1901 నాటికి లైను పూర్తయింది. తర్వాత దక్షిణంగా గద్వాల లైను వేశారు. 1916లో కాచిగూడ స్టేషన్ కట్టింది ఈ లైను మీదే, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో. దక్షిణపు కొస తర్వాత కర్నూలు, డోన్ దాకా సాగి దక్షిణ భారత మీటర్ గేజ్‌తో కలిసింది. ఉత్తరాన పూర్ణా, అకోలా, ఖండ్వా మీదుగా రాజస్థాన్ వరకు మీటర్ గేజ్ ఉండేది. మ్యాపు మీద చూస్తే కాచిగూడ ఆ పొడవాటి ఉత్తర-దక్షిణ మార్గానికి నడుమ పడుతుంది. నగరానికి తూర్పు అంచున ఉన్న ఈ స్టేషన్‌కు అంత పెద్ద భవనం ఎందుకు కట్టారన్నది అప్పుడు అర్థమవుతుంది.

నాంపల్లికీ కాచిగూడకూ మధ్య దూరం తక్కువే. గేజ్‌లు వేరు కాబట్టి వాటిని నేరుగా కలిపే అవసరం ఆనాడు ఎవరికీ రాలేదు. రెండు గేజ్‌లూ కలిసిన చోటు సికింద్రాబాద్. గేజ్ మారినా దారి మారలేదు, అందుకే ఈనాటికీ సికింద్రాబాద్ చుట్టి పోవాల్సిందే.

#2 దక్కన్_కమాన్

మంచి పని చేశారు మిత్రా. యాజమాన్యం సంగతి కూడా ఇక్కడే పెడుతున్నాను, పాత కాగితాల్లో పేర్లు మారుతూ కనబడతాయి కాబట్టి. మొదట నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పెట్టుబడి లండన్‌లో లేపిన కంపెనీది, దాని మీద వడ్డీకి హామీ నిజాం ప్రభుత్వానిది. 1930 ఏప్రిల్ 1న ప్రభుత్వమే కంపెనీని కొనేసింది, నిజాం స్టేట్ రైల్వే అయింది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దాని కిందికి వచ్చింది.

నగరంలో బస్సులకు మూలమూ ఈ రైల్వేనే. 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని మొదలుపెట్టింది. ఆర్టీసీ అక్కడి నుంచి పుట్టింది. బస్సునూ రైలునూ ఒకే సంస్థ నడిపిన నగరంలో ఈరోజు రెండింటికీ కలిపి టైంటేబుల్ లేకపోవడం బాధాకరం.

#3 బర్కత్‌పురా_వాణి

భవనం గురించి ఎవరైనా వివరంగా రాయండి. ముందు నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లు కనిపిస్తాయి, కమాన్లు మాత్రం చర్చిలో ఉన్నట్టుంటాయి. ఇది ఏ శైలి అండి?

#4 దక్కన్_కమాన్

రెండూ కలిసిన శైలి అండి. ముఖభాగంలో నడిమి గుమ్మటం, పక్క గుమ్మటాలు, వాటిని పట్టి ఉన్న సన్నని మినార్లు ఇస్లామిక్ పద్ధతి. కొస తేలిన కమాన్లలో గోథిక్ ఛాయ ఉంది. ఉస్మాన్ అలీఖాన్ కాలపు నగర భవనాల్లో ఈ కలయిక మామూలే.

చూడటానికి వెళ్లేవారు రోడ్డు అవతలి వైపు నుంచి మొదట మొత్తం ముఖభాగాన్ని చూడండి, మధ్య అక్షానికి రెండు పక్కలా సమతూకం అప్పుడే తెలుస్తుంది. దగ్గరకు పోతే పోర్టికో అడ్డం వస్తుంది. పర్దా పాటించే స్త్రీల కోసం ఆరోజుల్లో విడిగా ప్రవేశమార్గం పెట్టారు. బండి దిగిన దగ్గర్నుంచి ప్లాట్‌ఫాం దాకా ఎవరి కంటా పడకుండా వెళ్లే ఏర్పాటు అది. ఆ మార్గాన్ని దృష్టిలో పెట్టుకొని చూస్తే గదుల అమరిక ఎందుకలా ఉందో బోధపడుతుంది. నిజాం రైల్వే చరిత్రను చూపే చిన్న మ్యూజియం కూడా స్టేషన్‌లో ఉంది.

సికింద్రాబాద్‌లో పునర్నిర్మాణం కోసం 2025లో పాత ముఖద్వార భవనాన్ని కూల్చేశారు. దాని తర్వాత జంటనగరాల్లో నిజాం కాలపు రైల్వే రూపం పూర్తిగా కళ్లకు కట్టేది కాచిగూడే. అందుకే ఇక్కడ ఏ మరమ్మతు జరిగినా సున్నం పూత ఎక్కడ, సిమెంటు ఎక్కడ అని గమనించాలి. పాత సున్నపు గోడ మీద గట్టి సిమెంటు ప్లాస్టర్ వేస్తే గోడలోని తడి బయటికి పోదు. కొన్నేళ్లకు ప్లాస్టర్ ఉబ్బి, దానితోపాటు లోపలి సున్నాన్నీ పెచ్చులుగా లాక్కుని రాలిపోతుంది. సున్నపు గోడకు సున్నపు పూతే వేయాలి. పైపుల లీకు ముందు ఆపాలి, ఆ తర్వాతే పూత.

#5 పాతబస్తీ_లైను

గేజ్ మార్పు ఎప్పుడు జరిగింది? అప్పట్లో కాచిగూడ నుంచి ఏ బండ్లు నడిచేవి?

#6 మీటర్‌గేజ్_మిత్ర

లైన్లన్నిటినీ ఒకే గేజ్‌కు మార్చే యూనిగేజ్ కార్యక్రమం దేశవ్యాప్తంగా 1992లో మొదలైంది. ఈ లైన్లు 1990లలో మొదలై దశలవారీగా బ్రాడ్ గేజ్ అయ్యాయి. అజంతా ఎక్స్‌ప్రెస్ మన్మాడ్ వైపు, వెంకటాద్రి తిరుపతి వైపు మీటర్ గేజ్ మీద నడిచిన బండ్లే. వెంకటాద్రి ఇప్పుడు కాచిగూడ-చిత్తూరు మధ్య 12797, 12798 నంబర్లతో నడుస్తోంది.

గేజ్ మార్పు అంటే ఒక పట్టాను పక్కకు జరపడమని చాలామంది అనుకుంటారు. వెడల్పు 676 మిల్లీమీటర్లు పెరిగితే పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు పొడవైనవి కావాలి, కంకర మంచం వెడల్పు పెరగాలి, పాత వంతెనల గర్డర్లు కొత్త బరువుకు సరిపోవు. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లన్నీ కొత్తవి. మీటర్ గేజ్ బోగీ సన్నం కాబట్టి ప్లాట్‌ఫాం అంచు పట్టాలకు దగ్గరగా ఉంటుంది, దాన్ని చెక్కి వెనక్కి జరపాలి, ఎత్తు పెంచాలి. ఊరి మధ్యలో మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా దగ్గర రెండు పక్కలా ఇళ్లున్న ఇరుకు దారిలో ఈ పనంతా చేయాల్సి వచ్చింది. పాతబస్తీ స్టేషన్లు అంత ఒద్దికగా, ఇరుగ్గా కనబడటానికి కారణం ఇదే. అవి మీటర్ గేజ్ కొలతకు దొరికిన స్థలంలో బ్రాడ్ గేజ్‌ను ఇమిడ్చినవి.

#7 కొత్త_ప్రయాణికుడు

అన్నా, చరిత్ర బాగుంది గానీ నాకు రోజువారీ సంగతి కావాలి. కాచిగూడ నుంచి హైటెక్ సిటీకి నేరుగా బండి ఉందా? బోర్డు మీద ఎఫ్‌ఎల్, ఎల్‌ఎఫ్, ఎఫ్‌హెచ్ అని ఏవో అక్షరాలు ఉంటాయి, వాటి లెక్క ఏంటి?

#8 ఖిడ్కీ_నంబర్_మూడు

అక్షరాలు బయల్దేరే చోటు, చేరే చోటు. ఎఫ్ అంటే ఫలక్‌నుమా, ఎల్ అంటే లింగంపల్లి, హెచ్ అంటే హైదరాబాద్, మన నాంపల్లి. ఎస్ సికింద్రాబాద్. ఎఫ్‌ఎల్ అయితే ఫలక్‌నుమా నుంచి లింగంపల్లికి, ఎల్‌ఎఫ్ దాని తిరుగు బండి. బండి నంబర్లు 47తో మొదలయ్యే అయిదంకెలవి.

కాచిగూడ నుంచి హైటెక్ సిటీకి ఎఫ్‌ఎల్ నేరుగా పోతుంది. సికింద్రాబాద్‌లో ఇంజన్ మార్చే గొడవ లేదు. తూర్పు నుంచి వచ్చి పడమరకు అదే దిశలో సాగిపోతుంది. దారిలో వరుస: కాచిగూడ, విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ, సీతాఫల్‌మండి, సికింద్రాబాద్, జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్కు, బేగంపేట, నేచర్ క్యూర్ హాస్పిటల్, ఫతేనగర్, భరత్‌నగర్, బోరబండ, హైటెక్ సిటీ, హఫీజ్‌పేట, చందానగర్, లింగంపల్లి.

రెండు జాగ్రత్తలు. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ ఒకటి కావు. మధ్యలో ఆటో ఎక్కాల్సినంత దూరం ఉంది, ఆఫీసు ఏ వైపో ముందే చూసుకోండి. ఎఫ్‌హెచ్ ఎక్కితే అది బేగంపేటకు పోదు, సికింద్రాబాద్ తర్వాత హుస్సేన్‌సాగర్ జంక్షన్ దగ్గర నాంపల్లి వైపు తిరుగుతుంది. పొరపాటున ఎక్కినవారు సికింద్రాబాద్‌లోనే దిగి ఎఫ్‌ఎల్ పట్టుకోవాలి.

దక్షిణం వైపు: కాచిగూడ, మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. రెండో దశలో దాన్ని శివరాంపల్లి, బుద్వేల్ మీదుగా ఉందానగర్ దాకా పొడిగించారు. అక్కడికి బండ్లు 2023 ఏప్రిల్ నుంచి.

#9 సీతాఫల్‌మండి_చీలిక

దీనికి ఒక ముఖ్యమైన సంగతి చేర్చాలి. కాచిగూడ నుంచి ఉత్తరంగా వచ్చే దారి సీతాఫల్‌మండి దగ్గర చీలుతుంది. ఒక కొమ్మ సికింద్రాబాద్‌కు, ఇంకొకటి మల్కాజిగిరి వైపు. నిజామాబాద్ వైపు పోయే కాచిగూడ బండ్లు సికింద్రాబాద్‌ను తాకకుండా మల్కాజిగిరి మీదుగా వెళ్లిపోతాయి. "సికింద్రాబాద్‌లో ఎక్కుదాం, ఎలాగూ ఆగుతుంది కదా" అనుకుని బండి తప్పిపోయేవారు ఎందరో. టికెట్ మీద ఎక్కే స్టేషన్ ఏది రాసి ఉందో అక్కడికే పోండి. పేరు మీద కాచిగూడ ఉన్నంత మాత్రాన సికింద్రాబాద్ దారిలో ఉంటుందని అనుకోవద్దు.

డివిజన్ల విషయం కూడా వింతగా ఉంటుంది. కాచిగూడ హైదరాబాద్ డివిజన్‌లోది. హైదరాబాద్ అని పేరున్న నాంపల్లి స్టేషన్ మాత్రం సికింద్రాబాద్ డివిజన్‌లోది. పాత మీటర్ గేజ్ లైన్లు ఎక్కువగా హైదరాబాద్ డివిజన్‌కు పోవడమే దీనికి కారణం. ఫిర్యాదు రాసేటప్పుడు ఇది పనికొస్తుంది. లింగంపల్లి బండిలో పోయిన సామాను గురించి రాస్తే ఒక డివిజన్, ఫలక్‌నుమా వైపు స్టేషన్ గురించి రాస్తే ఇంకో డివిజన్. 139కి ఫోన్ చేస్తే వాళ్లే సరైన చోటికి పంపుతారు. బండి నంబరు, ఎక్కిన సమయం, ముందు నుంచి ఎన్నో బోగీ అన్నవి చెప్పాలి.

#10 ఈఎంయూ_బోగీ

బండి గురించి నేను రాస్తాను. ఎంఎంటీఎస్‌లో నడిచేవి ఈఎంయూలు, విడిగా ఇంజన్ ఉండదు. పైతీగలో 25 వేల వోల్టుల ఏసీ కరెంటు. మూడు బోగీలు ఒక యూనిట్. మోటారు బోగీ మీద పైతీగను తాకే చట్రం, పాంటోగ్రాఫ్ ఉంటుంది. అది కరెంటు తీసుకుని బోగీలోని ట్రాన్స్‌ఫార్మర్‌కు, అక్కడి నుంచి మోటార్లకు పంపుతుంది. మూడు యూనిట్లు కలిపితే తొమ్మిది బోగీలు, నాలుగు కలిపితే పన్నెండు. చక్రాలకు మోటార్లు బండి పొడవునా విడివిడిగా ఉంటాయి కాబట్టి ఆగిన చోటు నుంచి వేగం త్వరగా అందుకుంటుంది. కిలోమీటరు, రెండు కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉన్న దారిలో ఇది చాలా అవసరం. ఇంజన్‌తో నడిచే ప్యాసింజరు వేగం అందుకునేలోపు మళ్లీ బ్రేకు వేయాల్సి వస్తుంది.

చివరి స్టేషన్‌లో డ్రైవరు ఈ కొస క్యాబిన్ నుంచి ఆ కొసకు నడిచి వెళ్తే చాలు, బండి తిరుగు ప్రయాణానికి సిద్ధం. అదే ఎక్స్‌ప్రెస్ అయితే ఇంజన్ విప్పాలి, తిప్పాలి, ఖాళీ బోగీల వరుసను (రేక్) తనిఖీ, శుభ్రత చేసే పిట్ లైనుకు తోయాలి.

కాచిగూడలో ఆచరణలో గుర్తుంచుకోవాల్సింది ఇది. ప్లాట్‌ఫాంలు పొడవాటి ఎక్స్‌ప్రెస్‌ల కోసం కట్టినవి. బోగీ ఒక్కొక్కటి సుమారు 21 మీటర్లు, పన్నెండు బోగీల ఈఎంయూ దాదాపు 255 మీటర్లు. అంటే ప్లాట్‌ఫాంలో కొంత భాగం ఖాళీగానే ఉంటుంది. ప్లాట్‌ఫాం కొసన నిలబడితే బండి మీ దాకా రాదు. ఎంఎంటీఎస్ ఆగేది అర నిమిషమో, కొంచెం ఎక్కువో. అంతలో ఉరకడం కష్టం, పైగా ప్రమాదం. బోగీల సంఖ్య రాసిన ఆగే గుర్తుల బోర్డులు చూసుకుని వాటి మధ్యలో నిలబడండి.

#11 కొత్త_ప్రయాణికుడు

బండి కాచిగూడలో బాగానే బయల్దేరుతుంది, సికింద్రాబాద్ ముందర మాత్రం ఆగిపోతుంది. ఎందుకు?

#12 సిగ్నల్_పచ్చ

ఎందుకంటే ఎంఎంటీఎస్‌కు సొంత పట్టాలు లేవు. ముంబైలో చాలా దూరం లోకల్ బండ్లకు వేరు లైన్లు ఉన్నాయి. ఇక్కడ అదే రెండు లైన్ల మీద ఎక్స్‌ప్రెస్, గూడ్స్, ఎంఎంటీఎస్ అన్నీ పోవాలి. సీతాఫల్‌మండి దగ్గర దారులు కలుస్తాయి. సికింద్రాబాద్‌లో పది ప్లాట్‌ఫాంలు ఉన్నా దూరప్రాంత బండ్లు నిలబడి ఉంటాయి. లోపల ప్లాట్‌ఫాం ఖాళీ కాకపోతే స్టేషన్‌లోకి వచ్చే ముందుండే హోమ్ సిగ్నల్ దగ్గర ఎంఎంటీఎస్ నిలబడాల్సిందే. అయిదు నిమిషాలు ఆలస్యమైన ఎక్స్‌ప్రెస్ ఒకటి వస్తే దాని వెనక నాలుగు లోకళ్లు ఆగుతాయి.

సికింద్రాబాద్ పునర్నిర్మాణంలో ప్లాట్‌ఫాంలను విడతలవారీగా మూసి పని చేస్తున్నారు. ఆ మేరకు కొన్ని దూరప్రాంత బండ్లను చర్లపల్లికి, కాచిగూడకు మార్చారు. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. కాచిగూడకు అదనపు బండ్లు వస్తే ఇక్కడి అయిదు ప్లాట్‌ఫాంల మీద ఒత్తిడి పెరుగుతుంది, ఎంఎంటీఎస్ వచ్చే ప్లాట్‌ఫాం మారుతుంటుంది. ప్రకటన వినకుండా అలవాటు ప్రకారం ఒకే చోట నిలబడొద్దు.

#13 పాతబస్తీ_లైను

2019 ప్రమాదం గురించి కూడా రాయండి. దాని గురించి తప్పుడు మాటలు చాలా తిరుగుతున్నాయి.

#14 సిగ్నల్_పచ్చ

రాస్తాను. ఒకరి ప్రాణం పోయిన సంగతి ఇది, ఊహలు కలపకుండా చెప్పుకుందాం. 2019 నవంబరు 11 ఉదయం లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా పోతున్న ఎంఎంటీఎస్, కర్నూలు సిటీ నుంచి సికింద్రాబాద్ వస్తున్న హంద్రీ ఎక్స్‌ప్రెస్ కాచిగూడ యార్డులో ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఎంఎంటీఎస్ లోకో పైలట్ క్యాబిన్‌లో ఇరుక్కుపోయారు. గంటల తరబడి కోసి బయటికి తీశారు, కొన్ని రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోయారు. పలువురు ప్రయాణికులు గాయపడ్డారు. స్టార్టర్ సిగ్నల్ ఎర్రగా ఉండగానే ఎంఎంటీఎస్ కదిలిందన్నది రైల్వే ప్రాథమికంగా చెప్పిన కారణం.

ఇది ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవాలి. స్టేషన్‌లో ఒక్కో ప్లాట్‌ఫాం లైనుకు చివర స్టార్టర్ సిగ్నల్ ఉంటుంది. అది దాటగానే పాయింట్లు, అక్కడ లైన్లు ఒకదానిని ఒకటి కోసుకుంటాయి. ఎదురుగా వచ్చే బండికి దారి కట్టినప్పుడు, ఢీకొనే దారులను ఒకేసారి తెరవనివ్వని ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ ఈ స్టార్టర్‌ను ఎర్రగానే బిగించి ఉంచుతుంది. సిగ్నల్ వ్యవస్థ తన పని తాను చేస్తుంది. కానీ మామూలు సిగ్నల్‌కు బండిని ఆపే శక్తి లేదు, చెప్పడమే దాని పని. అర నిమిషం ఆగి కదలడం రోజంతా చేసే పని. పక్క లైను సిగ్నల్‌ను తనదనుకోవడం, గార్డు గంట విన్న వెంటనే కదలడం లాంటివి ప్రపంచమంతటా ఇలాంటి ప్రమాదాల్లో కనబడ్డ కారణాలు. ఇక్కడ అదే జరిగిందని నేను అనడం లేదు.

ఈ ఖాళీని పూడ్చేదే కవచ్. పట్టాల మధ్య ట్యాగులు, స్టేషన్‌లో రేడియో పరికరం, బండిలో కంప్యూటరు ఉంటాయి. ఎర్ర సిగ్నల్ దాటబోతే బండి తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది. దీన్ని దక్షిణ మధ్య రైల్వేలోనే, లింగంపల్లి-వికారాబాద్-వాడి, వికారాబాద్-బీదర్ మార్గాల్లో పరీక్షించారు. 2020లో జాతీయ వ్యవస్థగా ఎంచుకున్నారు. అయితే ఒక్క మాట. లైన్ మీద పరికరాలు పెట్టినంత మాత్రాన చాలదు, ఆ లైన్‌లో తిరిగే ప్రతి బండిలోనూ పరికరం ఉండాలి. ఈఎంయూలకూ, ఎక్స్‌ప్రెస్ ఇంజన్లకూ, గూడ్సు ఇంజన్లకూ. మిశ్రమంగా నడిచే మన లైన్లలో పని నెమ్మదిగా సాగడానికి అది ఒక కారణం.

#15 బర్కత్‌పురా_వాణి

చాలా స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. టికెట్ల సంగతి కూడా ఎవరైనా రాయండి. కాచిగూడలో కౌంటరు దగ్గర ఎక్స్‌ప్రెస్ జనం, లోకల్ జనం ఒకే వరుసలో ఉంటారు.

#16 ఖిడ్కీ_నంబర్_మూడు

వరుసలో నిలబడే అవసరం తగ్గించుకునే దారులు ఇవి.

ఫోన్ టికెట్. 2025 జులైలో వచ్చిన రైల్‌వన్ యాప్‌లో తీసుకోవచ్చు. కాగితం లేని టికెట్‌ను స్టేషన్ ఆవరణకు బయటే తీసుకోవాలి, పట్టాల దగ్గరికి వచ్చాక జీపీఎస్ చూసి యాప్ ఒప్పుకోదు. టీటీఈ కనబడ్డాక టికెట్ తీసుకోవడాన్ని ఆపేందుకే ఆ నియమం. స్టేషన్ లోపలికి వచ్చేశారా? గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి తీసుకోండి, అది అనుమతిస్తుంది. టికెట్ యాప్‌లోనే చూపించాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. నెట్ లేకపోయినా యాప్‌లో టికెట్ తెరుచుకుంటుంది. బ్యాటరీ అయిపోతే మాత్రం టికెట్ లేనట్టే లెక్క.

ఏటీవీఎం, అంటే టికెట్ ఇచ్చే యంత్రం. స్మార్ట్ కార్డు లేదా యూపీఐ. డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే యంత్రం నంబరు, సమయం రాసుకుని కౌంటరులో చెప్పాలి.

సీజన్ టికెట్. రోజూ తిరిగేవారికి ఇదే లాభం. మూడు నెలల పాసు ధర నెల పాసుకు 2.7 రెట్లు, ఆరు నెలలది 5.4 రెట్లు, ఏడాదిది 10.8 రెట్లు. అంటే మూడు నెలలది తీసుకోగానే పది శాతం మిగులు. ఆరు నెలలకూ ఏడాదికీ అదే పది శాతమే, అంతకన్నా పెరగదు. ఇల్లు గానీ ఉద్యోగం గానీ మారే అవకాశం ఉంటే మూడు నెలల పాసు చాలు. గడువుకు పది రోజుల ముందు నుంచే కొత్తది తీసుకోవచ్చు, నెల మొదటి తారీఖు దాకా ఆగి రద్దీలో నిలబడక్కర్లేదు.

టికెట్ తీసుకున్న గంటలోపు ప్రయాణం మొదలుపెట్టాలి. మధ్యలో దిగి పని చూసుకుని అదే టికెట్ మీద మళ్లీ ఎక్కకూడదు. ఎఫ్‌ఎల్ దొరక్క సికింద్రాబాద్‌లో బండి మారడం మాత్రం తప్పు కాదు, లింగంపల్లి దాకా టికెట్ ఉంటే సరిపోతుంది.

లోకల్ టికెట్‌తో కాచిగూడ-సికింద్రాబాద్ మధ్య ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారు చాలామంది పట్టుబడుతుంటారు. చార్జీ వేరు, ఆ టికెట్ చెల్లదు. పట్టుబడితే చార్జీకి తోడు కనీసం 250 రూపాయలు. ఫస్ట్ క్లాస్ సంగతి కూడా చెప్పాలి. 2022 మేలో ఒక్క ప్రయాణపు ఫస్ట్ క్లాస్ చార్జీని సగం దాకా తగ్గించారు. పాత ధర గుర్తుండి దాని జోలికి పోనివారు మళ్లీ ఒకసారి చూసుకోవచ్చు.

#17 విద్యానగర్_రోజువారీ

కొవిడ్ తర్వాత బండ్లు తగ్గాయి కదా? పాత టైంటేబుల్ ఫొటోలు ఇంకా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి.

#18 మీటర్‌గేజ్_మిత్ర

ఆ ఫొటోలు నమ్మొద్దు. కొవిడ్‌కు ముందు రోజుకు 121 సర్వీసులు ఉండేవి. 2020 మార్చిలో ఆగాయి, 2021 జూన్ 23న పదితో తిరిగి మొదలయ్యాయి, తర్వాత మెల్లగా పెంచారు. రెండో దశ లైన్లు కలిశాక అవే బండ్లను మేడ్చల్, ఉందానగర్, ఘట్‌కేసర్ వైపు కూడా పంచారు. దాంతో కొన్ని పాత సమయాలు పోయాయి. ఆదివారం కొన్ని సర్వీసులు నడవవు. బండ్ల రాకపోకలు చూపే రైల్వే వెబ్‌సైటు ఎన్టీఈఎస్‌లో కాచిగూడ స్టేషన్ కోడ్ కేసీజీ కొట్టి రాబోయే రెండు, నాలుగు గంటల బండ్లు చూడటమే నమ్మకమైన దారి. బండి "రద్దు" అని ఉందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది.

నా మాట ఒకటి. ఎంఎంటీఎస్ మొదటి దశకు రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరి సగం పెట్టాయి, 2003 ఆగస్టు 9న మొదలైంది. రెండో దశలో రాష్ట్రానిది మూడింట రెండు వంతులు, రైల్వేది ఒక వంతు. డబ్బు ఎక్కువగా పోయింది లైన్ల మీదే. నిజంగా కావాల్సింది మరిన్ని బండ్లు, నమ్మదగ్గ సమయాలు. గంటకు ఒక బండి వచ్చే చోట స్టేషన్ ఎంత అందంగా కట్టినా జనం ఆటోనే ఎక్కుతారు.

#19 సీతాఫల్‌మండి_చీలిక

నూటికి నూరుపాళ్లు నిజం. పావుగంటకు ఒక బండి అని కచ్చితంగా తెలిస్తే ఎవరూ టైంటేబుల్ అడగరు.

#20 కొత్త_ప్రయాణికుడు

మెట్రోకు మారాలంటే కాచిగూడ నుంచి ఏది దగ్గర?

#21 ఖిడ్కీ_నంబర్_మూడు

కాచిగూడకు ఆనుకుని మెట్రో లేదు తమ్ముడూ. సామాను లేకపోతే సుల్తాన్ బజార్ లేదా నారాయణగూడ వైపు ఆటోలో పోవచ్చు. ఎంఎంటీఎస్‌లోనే ఉండి మారాలనుకుంటే ఒక స్టేషన్ దక్షిణంగా మలక్‌పేటలో దిగండి, పక్కనే ఎర్ర లైన్ మెట్రో, ఎల్‌బీ నగర్-మియాపూర్. నాగోల్-రాయదుర్గం నీలి లైనుకు సికింద్రాబాద్ ఈస్ట్ లేదా బేగంపేట. ఎఫ్‌ఎల్‌లో ముందుకు పోతే భరత్‌నగర్‌లో మళ్లీ ఎర్ర లైను కలుస్తుంది. మియాపూర్ పోయేవారు అక్కడ మారితే లాభం. ఎఫ్‌హెచ్‌లో ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి మూడు చోట్లా మెట్రో దగ్గరే.

విమానాశ్రయానికి ఉందానగర్ దాకా రైలు ఉంది గానీ టెర్మినల్ లోపలికి పట్టాలు లేవు. అక్కడి నుంచి మళ్లీ రోడ్డు ప్రయాణమే. సామాను ఎక్కువుంటే, సమయం బిగుతుగా ఉంటే ఆ దారి వద్దు.

#22 బర్కత్‌పురా_వాణి

పెద్దవారితో, చక్రాల కుర్చీతో వచ్చేవారికి ఏమైనా సూచనలు?

#23 ఈఎంయూ_బోగీ

ఇది అందరూ చదవాలి. ఎత్తైన ప్లాట్‌ఫాం అంటే పట్టా పైభాగం నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు. ఈఎంయూ బోగీ నేల అంతకన్నా జానెడుకు మించి ఎత్తులో ఉంటుంది. అంటే ఎంత మంచి ప్లాట్‌ఫాం అయినా ఒక మెట్టు తప్పదు. పైగా వంపులో ఉన్న ప్లాట్‌ఫాంల దగ్గర అంచుకూ బోగీకీ మధ్య సందు పెరుగుతుంది. పెద్దవారు తలుపు మధ్య కడ్డీ పట్టుకుని ముందు గట్టి కాలు పైకి పెట్టాలి. దిగేటప్పుడు బండి పూర్తిగా ఆగిన తర్వాతే. చక్రాల కుర్చీ అయితే ఎత్తేందుకు ఇద్దరు మనుషులు ఉండాల్సిందే, అర నిమిషపు ఆగుదలలో ఒక్కరితో కాదు. బండి రాకముందే గార్డు క్యాబిన్ ఆగే చోటుకు దగ్గరి బోగీ దగ్గర నిలబడండి. ఎక్కడం పూర్తయిందో లేదో గార్డు చూసి గంట కొట్టగలుగుతారు.

కాచిగూడలో లిఫ్టు పనిచేస్తోందో లేదో ప్రవేశం దగ్గరే అడగండి. పాడైతే ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్లే గతి. పట్టాలు దాటే ఆలోచన మాత్రం చేయొద్దు, రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. అంతకన్నా పెద్ద కారణం ఉంది. ఈఎంయూ వచ్చే చప్పుడు ఇంజన్ బండి అంత ఉండదు, పక్క లైనులో ఎక్స్‌ప్రెస్ నిలబడి ఉంటే అసలే వినపడదు.

#24 విద్యానగర్_రోజువారీ

మహిళల బోగీ గురించి కూడా ఒక వాక్యం. బోగీ పక్కన చారలు, రాత చూసి ఎక్కండి, తొమ్మిది బోగీల బండికీ పన్నెండు బోగీల బండికీ అది ఆగే చోటు మారుతుంది. అందులో ఎక్కే మగవారిపై 162వ సెక్షన్ కింద అయిదు వందల దాకా జరిమానా వేసి దించేయవచ్చు. ఇబ్బంది ఉంటే 139. పాత 182 నంబరును 2021లో అందులోనే కలిపేశారు, గోడల మీద ఇంకా పాత నంబరు కనబడితే దానికి చేయకండి.